పదిహేనేళ్లు నిండిన ఏపీ 36 కారును ఎంవీఐ ముందుకు తీసుకుపోవాలంటే

వరంగల్‌లో ఏపీ 36 నంబర్‌తో తిరుగుతున్న సొంత కార్లకు ఒక్కొక్కటిగా పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు ముగుస్తోంది. 2014 జూన్‌లో తెలంగాణ రాష్ట్రం వచ్చాక కొత్త బండ్లకు టీఎస్ 03 ఇచ్చారు, 2024 మార్చి నుంచి టీజీ అయింది. ఆ లెక్కన ఏపీ 36 ఉన్న ఆఖరి కారుకు కూడా 2029 నడిమికల్లా పదిహేనేళ్లు నిండిపోతాయి. కరీంనగర్ ఏపీ 15, ఆదిలాబాద్ ఏపీ 01 బండ్లదీ అదే కథ.

పదిహేనేళ్లు దాటితే కారు తుక్కుకు పోవాల్సిందే అనేవాళ్లు ఇంకా ఉన్నారు. డీజిల్‌కు పదేళ్లు, పెట్రోల్‌కు పదిహేనేళ్లు అనే మాట ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానికి సంబంధించింది. మన దగ్గర బండి బాగుంటే రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. ఫారం 25 నింపాలి, ఫీజు కట్టాలి, స్లాట్ బుక్ చేసుకోవాలి, బండిని ఎంవీఐకి, అంటే రవాణా శాఖ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి. కారు ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 రూపాయలు. 20 ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టు నుంచి 10,000. గ్రీన్ ట్యాక్స్ వేరుగా కట్టాలి. గడువు దాటాక నెలకు 500 చొప్పున ఆలస్య రుసుము పడుతుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి ఉంది. గడువు దాటిన బండి చట్టం లెక్కలో రిజిస్ట్రేషన్ లేని బండే. ఆ రోజుల్లో ఏదైనా ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్ దగ్గర తిప్పలు తప్పవు.

గడువుకు 60 రోజుల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. ఆ 60 రోజులు దరఖాస్తుకే కాదు, బండి పనికీ అని లెక్క వేసుకోండి. పదిహేనేళ్ల కారును షెడ్డులో వదిలి "రెన్యువల్ ఉంది, చూడు" అంటే మెకానిక్ చేసేది ముందు ఇంజిన్ ట్యూనింగ్, తర్వాత క్లచ్ ప్లేట్. రెండూ మంచి పనులే, కానీ ఎంవీఐ క్లచ్ చూడడు. బానెట్ ఎత్తమనేది చాలావరకు చాసిస్ నంబర్ కోసమే. బండి వెనక్కి వచ్చేది ఆ నంబర్ దగ్గర, తుప్పు దగ్గర, హ్యాండ్ బ్రేక్ దగ్గర, వెలగని బల్బు దగ్గర. అందుకని పైసలు పెట్టే వరుస మార్చాలి. ఎక్కువ రోజులు పట్టేది ముందు, ఒక్క పూటలో అయిపోయేది చివర. పొల్యూషన్ పరీక్ష అన్నిటికంటే చివర.

మొదటి రోజు చాసిస్ నంబర్ వెతకండి. కొన్ని కార్లకు అది ఇంజిన్ వెనక గోడ మీద, అద్దం కింది భాగంలో అచ్చేసి ఉంటుంది. కొన్నింటికి డ్రైవర్ పక్క సీటు కింద, కార్పెట్‌లో కోసిన చిన్న మూత ఎత్తితే కనిపిస్తుంది. స్టిక్కర్ మీదో రేకు ప్లేటు మీదో ఉన్న నంబర్ చాలదు, ఇనుములోకి దిగిన అచ్చే కావాలి. 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మారుతి అయితే ఎంఏ3తో, హ్యుందాయ్ అయితే ఎంఏఎల్‌తో, టాటా అయితే ఎంఏటీతో మొదలవుతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో ఐ, ఓ, క్యూ ఈ 17లో అసలు వాడరు. గుండ్రంగా కనిపించేది ఎప్పుడూ సున్నానే. ఆర్‌సీలో అక్కడ ఓ అనే అక్షరం పడి ఉంటే అది టైపింగ్ తప్పు. పరీక్ష రోజు కాకుండా ఇప్పుడే దిద్దించుకోవాలి.

ఇంజిన్ వెనక గోడ మీద నంబర్ ఉన్న కార్లకు వేపచెట్టే శత్రువు. చెట్టు కింద నిలిపిన బండికి అద్దం కింది జాలీలో ఆకులు పడి, నీళ్లు పోయే సన్నని గొట్టం మూసుకుపోతుంది. వానాకాలమంతా ఆ తేమ అక్కడే నిలిచి నంబర్ మీద తుప్పు పొర కడుతుంది. బ్యాటరీ పక్కనే ఉంటే యాసిడ్ ఆవిరి తోడవుతుంది. ఇక్కడ మనవాళ్లు చేసే పెద్ద తప్పు వైర్ బ్రష్, ఎమెరీ పేపర్, గ్రైండర్ పట్టుకోవడం. అచ్చు లోతు మిల్లీమీటరు కూడా ఉండదు. రెండు సార్లు గట్టిగా రుద్దితే 8 కాస్తా 3 లాగా కనిపిస్తుంది. చెరిగిన నంబర్ అంటే దొంగ బండి అనే అనుమానం వస్తుంది, తుప్పు కంటే అది చాలా పెద్ద గొడవ.

పద్ధతి ఇది. గుడ్డను డీజిల్‌లో ముంచి నంబర్ మీద రాత్రంతా పరిచి ఉంచండి. తెల్లారి పాత టూత్ బ్రష్‌తో ఒకే దిశలో తోమి, పొడి గుడ్డతో తుడవండి. మొండిగా ఉంటే మళ్లీ ఒక రాత్రి. మూడు నాలుగు రోజులు పట్టినా తొందరపడొద్దు. ఆరాక మెత్తటి పెన్సిల్‌ను అడ్డంగా పట్టి అచ్చు మీద తేలికగా రుద్దండి. దాని మీద వెడల్పాటి సెల్లో టేపు అతికించి, గోటితో ఒక చివర నుంచి ఇంకో చివరకు నొక్కి, మెల్లగా లేపండి. టేపు మీదికి పెన్సిల్ నలుపు వస్తుంది, అంకెలు తెల్లగా నిలుస్తాయి. దాన్ని తెల్ల కాగితం మీద అతికించి ఆర్‌సీ పక్కన పెట్టి 17 అక్షరాలూ ఒక్కొక్కటిగా వేలు పెట్టి చదవండి. చదవగలిగితే సగం పని అయినట్టే. తర్వాత నంబర్ మీద పలచగా గ్రీజు పూసి వదిలేయండి. పెయింటర్‌కో, అడుగున నల్లటి కోటింగ్ కొట్టేవాడికో బండి ఇచ్చే ముందు దాని మీద టేపు వేసి మరీ ఇవ్వండి.

ఒకటి రెండు అంకెలు నిజంగానే తినేసి ఉంటే సొంతంగా పంచ్ కొట్టించకండి. ఆటోనగర్‌లో కొట్టేవాళ్లు దొరుకుతారు, అదే సమస్య. రవాణా శాఖకు రాసి, అనుమతి వచ్చాక, వాళ్లు చెప్పిన పద్ధతిలోనే మళ్లీ అచ్చు వేయించాలి. దానికి వారాలు పట్టొచ్చు. మొదటి రోజే నంబర్ చూడమన్నది అందుకే.

ఇంజిన్ నంబర్‌ను కూడా అలాగే చూసుకోండి. ఎప్పుడో ఇంజిన్ సీజ్ అయి హాఫ్ ఇంజిన్ (సిలిండర్ బ్లాకు ఉన్న కింది సగం) మార్పించి ఉంటే, ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కకపోతే అక్కడే ఆగిపోతుంది. రంగు మార్చినా, గ్యాస్ కిట్ పెట్టించినా అంతే. సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి ప్రెషర్ పరీక్ష చేయించిన కాగితం ఉండాలి. తీసేసిన కిట్ ఆర్‌సీలో ఇంకా ఉన్నా తప్పే. బ్యాంకు లోన్ ఎప్పుడో తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు మిగిలిపోయిన బండ్లు ఎన్నో. ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ పెట్టి ముందు ఆ పేరు తీయించండి. బీమా నడుస్తూ ఉండాలి. పెండింగ్ చలాన్లు కట్టేయండి.

తర్వాత తుప్పు. మన దగ్గర రెండు రకాల మట్టి. ఎర్ర చెలక దుమ్ము దులిపితే పోతుంది. నల్లరేగడి అలా కాదు, మడ్‌గార్డు లోపలి మడతల్లో పిడకలా అతుక్కుని తేమను నెలల తరబడి పట్టి ఉంచుతుంది. పత్తి చేలకు, మిర్చి చేలకు తిరిగే బండి అయితే ముందుగా వాటర్ సర్వీసింగ్ షెడ్డులో ర్యాంపు ఎక్కించి కింది భాగం ఒక్కటే గట్టిగా కడిగించండి. రెండు రోజులు ఆరనిచ్చి, కార్పెట్లు ఎత్తి, స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంటూ పోవాలి. గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు మొద్దుగా మోగుతుంది. అనుమానం ఉన్నచోట మొనతో పొడవండి. దిగితే అది పోయినట్టే. పొడవాల్సిన చోట్లు నాలుగు: తలుపుల కింది పట్టీ, జాకీ పెట్టే చోటు, ముందు షాక్ అబ్జార్బర్ పైకప్పు, డిక్కీలో స్టెప్నీ గుంత.

తలుపు మీద పొక్కు వచ్చినా ప్రాణానికేం కాదు. షాక్ అబ్జార్బర్ బిగించిన చోట, సీటు బెల్టు బోల్టు చుట్టూ, వెనక యాక్సిల్ పట్టిన చోట తుప్పు ఉంటే మాత్రం వెల్డింగ్ తప్పదు. పుట్టీ పెట్టి పెయింట్ కొట్టించడం వృథా. గోటితో నొక్కితేనే తెలిసిపోతుంది. కారు రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. గేట్లు, కిటికీలు అతికే మామూలు ఆర్క్ వెల్డింగ్ దాన్ని కాల్చి బొక్క పెద్దది చేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తో చేసే సీఓటూ వెల్డింగ్ ఉన్న షెడ్డుకే పోవాలి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ నెగెటివ్ తీయించండి, ఇంజిన్ కంప్యూటర్ ప్లగ్ ఊడదీయించండి, కార్పెట్ ఎత్తించండి. పెట్రోల్ ట్యాంకు, పైపుల దగ్గర పని అయితే ట్యాంకు దించాల్సిందే. అతుకు మీద ముందు ప్రైమర్, తర్వాత సీలెంట్, ఆ తర్వాతే రంగు. రంగు ఆర్‌సీలో ఉన్నదే ఉండాలి.

బ్రేకుల పని రెండో వారంలో పెట్టుకోండి. ముందు చక్రాల ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చాలి. డిస్కు ఎంత పలచబడితే పారేయాలో దాని అంచునే అచ్చు ఉంటుంది. అయితే పదిహేనేళ్ల బండిలో ప్యాడ్ల కంటే ఎక్కువగా పోయేది కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) స్లైడ్ పిన్నులు. రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు ఎండి, పిన్ను బిగుసుకుపోతుంది. అప్పుడు లోపలి ప్యాడ్ ఒక్కటే అరుగుతుంది, బ్రేకు కొడితే బండి ఒక పక్కకు లాగుతుంది. పిన్ను ఊడదీసి తుడిచి సిలికాన్ బ్రేక్ గ్రీజు పెట్టాలి. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి మళ్లీ అదే కథ.

వెనక డ్రమ్ములు విప్పకుండా "బాగానే ఉన్నాయి" అనే మెకానిక్‌ను నమ్మొద్దు. మేడారం జాతరకు పోయివచ్చిన బండ్లలో, వాగులు దాటిన బండ్లలో డ్రమ్ము లోపల బురద గట్టిపడి కూర్చుంటుంది. హ్యాండ్ బ్రేక్ వదిలి, చక్రం తీసి, డ్రమ్ము మీద ఖాళీగా కనిపించే రెండు మరల రంధ్రాల్లో 8 మిల్లీమీటర్ల బోల్టులు రెండు ఎక్కించి సమంగా బిగిస్తూ పోతే డ్రమ్ము దానంతట అదే బయటికొస్తుంది. సుత్తితో బాదితే అంచు పగులుతుంది. లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు, తడి గుడ్డతో తుడవండి. ఊపిరితిత్తులకు మంచిది కాదది. డ్రమ్మును లోపలి నుంచి పట్టే షూల మీది లైనర్ అరిగి మిల్లీమీటరు మందమే మిగిలితే నాలుగు షూలూ ఒకేసారి మార్చాలి. వీల్ సిలిండర్ రబ్బరు మూతను వేలితో కొద్దిగా లేపి చూడండి. లోపల తడి ఉంటే సీలు పోయినట్టు. ఆయిల్ తాగిన లైనర్‌ను ఎమెరీ కొట్టి మళ్లీ ఎక్కిస్తారు కొందరు, వేడెక్కగానే ఆయిల్ మళ్లీ పైకి వస్తుంది. సిలిండర్లు రెండు పక్కలా కలిపి మార్చడం మేలు.

హ్యాండ్ బ్రేక్ కూడా ఇక్కడే సరిచేయాలి. లీవర్ నాలుగు నుంచి ఏడు టిక్కుల్లో పట్టాలి. పది పన్నెండు టిక్కులు పోతుంటే మనవాళ్లు కేబుల్ నట్టు బిగించేస్తారు. అది అడ్డదారి. కేబుల్ ముందే లాగి ఉంటే షూలను దానంతట అది సర్దుకునే అడ్జస్టర్ పనిచేయదు, పెడల్ ఇంకా కిందికి పోతుంది. ముందు కేబుల్ వదులు చేయాలి, షూలు డ్రమ్ముకు కొద్దిగా రాసుకునేదాకా అడ్జస్టర్ తిప్పాలి, పెడల్‌ను పదిసార్లు తొక్కాలి, చివరన కేబుల్ బిగించాలి. సరిపోయిందో లేదో చూడాలంటే కాజీపేట బ్రిడ్జి ఎక్కే దారి లాంటి ఎత్తు ఉన్నచోట, ట్రాఫిక్ లేని వేళ, న్యూట్రల్‌లో హ్యాండ్ బ్రేక్ ఒక్కదాని మీద నిలిపి చూడండి. బండి రెండు దిక్కులా కదలొద్దు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది, రెండేళ్లకోసారి మార్చాలి. కాఫీ రంగుకు తిరిగి ఉంటే పాతది మొత్తం తీయించండి. అర లీటరు డబ్బా ఒకటి, చేతిలో ఇంకొకటి ఉంచుకోండి. డాట్ 3నా డాట్ 4నా అన్నది మూత మీదే రాసి ఉంటుంది. మన కుడి స్టీరింగ్ బండ్లలో బ్రేకు పైపుల్లో చేరిన గాలిని మామూలుగా తీసే వరుస వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. కంపెనీ పుస్తకంలో వేరే వరుస ఉంటే అదే పాటించాలి. పెడల్ మెత్తగా ఉంటే గాలి ఉందని. కాలు పెట్టి ఉంచితే మెల్లగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ పోయిందని. పెడల్ తేలిగ్గా దిగేలా చేసే బూస్టర్ పరీక్ష ఇంకా తేలిక. ఇంజిన్ ఆపి ఐదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా కిందికి జారాలి. జారకపోతే బూస్టరో, దాని గొట్టమో చూపించండి.

టైర్లకు చట్టం చెప్పే లోతు 1.6 మిల్లీమీటర్లు. గాడుల మధ్య అడ్డంగా చిన్న దిమ్మెలు ఉంటాయి, టైరు వాటితో సమానం అయిందంటే అయిపోయినట్టు. పెద్దగా తిరగని కార్లలో గాడులు నిండుగా ఉండి పక్కలు పగుళ్లు పట్టి ఉంటాయి, మన మే నెల ఎండకు రబ్బరు ఎండిపోతుంది. పక్కన ఉన్న నాలుగంకెల అచ్చులో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2317 అంటే 2017లో 23వ వారం. ఒకే యాక్సిల్ మీద రెండు సైజులు ఉండొద్దు. స్టెప్నీలో గాలి చూడండి.

ముందు చక్రాన్ని జాకీ మీద లేపి రెండు పక్కలా పట్టుకుని ఊపితే ఆట ఉంటే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కీలు) పోయినట్టు. పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట ఉంటే వీల్ బేరింగ్ లేదా బాల్ జాయింట్. ఇంకొకరు బ్రేకు తొక్కి ఉంచినప్పుడు ఆట పోతే బేరింగే. యాక్సిల్ రబ్బరు బూటు చిరిగి గ్రీజు చిమ్మి ఉంటే బూటు మార్పించండి. టై రాడ్ మార్చాక అలైన్‌మెంట్ తప్పనిసరి.

లైట్ల పని ఇంట్లోనే చేసుకోవచ్చు. చేసుకోవాలి కూడా, షెడ్డులో ఎవరూ గోడ ముందు నిలిపి చూడరు. ఎండకు పసుపెక్కిన ప్లాస్టిక్ హెడ్‌లైట్‌ను ముందు బాగు చేయండి. చుట్టూ పెయింట్ మీద టేపు వేసి, నీళ్లు చల్లుతూ 1000 నంబర్ వాటర్ పేపర్‌తో, ఆ తర్వాత 1500, చివర 2000తో రుద్దండి. అద్దం అంతా సమంగా పాలరంగుకు వచ్చాకే పై నంబర్‌కు పోవాలి. ఆపైన రబ్బింగ్ కాంపౌండ్, చివర ఎండకు ఆగే క్లియర్ కోటు. క్లియర్ కోటు వేయకపోతే కొన్ని నెలల్లో మళ్లీ పసుపే. టూత్‌పేస్ట్ చిట్కా వీడియోలో బాగుంటుంది, రెండు వానలకు పోతుంది.

ఇప్పుడు గోడ. టైర్లలో గాలి సరిగ్గా పట్టి, డ్రైవర్ సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టి, లోపల లైటు ఎత్తు తిప్పే చక్రం ఉంటే దాన్ని సున్నాకు తెచ్చి, చదును నేల మీద గోడకు 5 మీటర్ల దూరంలో బండి నిలపండి. నేల నుంచి హెడ్‌లైట్ మధ్య బిందువు ఎత్తు కొలిచి, అదే ఎత్తున గోడ మీద సుద్దతో గీత గీయండి. దానికి 5 సెంటీమీటర్ల కింద రెండో గీత. డిమ్ వేస్తే వెలుగు పై అంచు ఈ రెండో గీత మీద కూర్చోవాలి, ఎడమ వైపు కొద్దిగా పైకి లేవాలి. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఎడమ అంచు దూరం కనిపించాలని అలా చేస్తారు. 5 సెంటీమీటర్లు అన్నది ఒక శాతం లెక్క. మీ లైటు మీదే 1.2 శాతం అని అచ్చు ఉంటే 6 సెంటీమీటర్లు పెట్టండి. లైటు వెనక రెండు మరలు ఉంటాయి, ఒకటి పైకీ కిందికీ, ఇంకొకటి పక్కకు. ఒక లైటు మీద గుడ్డ కప్పి రెండోది సర్దండి. వెలుగు అంచు ఎడమకు బదులు కుడి వైపు లేస్తోందంటే ఎడమ స్టీరింగ్ దేశాల లైటు ఎవరో అమ్మారని అర్థం. అలాంటిది సర్దినా లాభం లేదు.

హెచ్4 బల్బు 60/55 వాట్లదే పెట్టండి. 100/90 బల్బుకు పాత హోల్డర్ కరుగుతుంది, రిఫ్లెక్టర్ మాడుతుంది. హాలోజెన్ గిన్నెలో దూర్చిన ఎల్ఈడీ బల్బు మరీ దండగ. గోడ మీద చూస్తే అంచే ఉండదు, తెల్లటి మరక ఒకటి ఉంటుంది. ఎదుటివాడి కళ్లలో కొట్టే లైటు అదే. కొత్త బల్బు వేసినా మసకగా ఉంటే బల్బును అనొద్దు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజీ 14 దరిదాపుల్లో ఉండాలి. అదే సమయంలో లైటు వెలుగుతుండగా హోల్డర్ దగ్గర కొలిస్తే ఒక వోల్టుకు మించి తేడా ఉందంటే ముందు చూడాల్సింది ఎర్తింగ్ వైరు బోల్టు దగ్గర తుప్పు. బోల్టు విప్పి, రేకు మెరిసేదాకా గీకి, వాసెలిన్ పూసి బిగిస్తే చాలావరకు సరిపోతుంది.

వెనక లైట్లలోనూ ఎర్తింగ్ తిరకాసే ఎక్కువ. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మసకబారినా, పార్కింగ్ లైట్ సన్నగా మిణుకుమన్నా బల్బు పోయినట్టు కాదు, ఎర్త్ దొరకక కరెంటు పక్క బల్బు గుండా దారి వెతుక్కుంటోంది. ఇండికేటర్ ఒక పక్క మామూలు కంటే వేగంగా కొట్టుకుంటే ఆ పక్క 21 వాట్ల బల్బు ఒకటి పోయింది. నారింజ రంగు బల్బు వెలిసి తెల్లగా వెలుగుతుంటే అదీ లోపమే. రెండు ఫిలమెంట్ల బల్బుకు పిన్నులు ఎత్తుపల్లాలుగా ఉంటాయి. బలవంతంగా తిప్పి ఎక్కిస్తే రాత్రి బ్రేక్ లైటు ఎప్పుడూ వెలుగుతున్నట్టు ఉంటుంది. నంబర్ ప్లేట్ లైటు 5 వాట్లది, ఎవరికీ గుర్తుండదు. రివర్స్ లైటు వెలగకపోతే గేర్‌బాక్స్ మీది స్విచ్ చూడండి. వరి కోతల కాలంలో ఎలుకలు డిక్కీలో వైర్లు కొరికిన బండ్లూ తక్కువేం కాదు.

అద్దాలకు నల్ల ఫిల్మ్ 2012లో సుప్రీంకోర్టు తీర్పుతో పోయింది. ఇంకా ఉంటే పీకేయండి, జిగురు గీతలు మిగలకుండా. డ్రైవర్ చూపుకు అడ్డంగా పగులు ఉంటే ముందు అద్దం మార్చాలి. వైపర్ బ్లేడ్లు రెండూ కొత్తవి వేయండి. ప్రెషర్ హారన్ తీసి కంపెనీ హారన్ పెట్టండి. ముందు బిగించిన ఇనుప గార్డు విప్పేయండి. సీటు కవర్ల కింద మరుగున పడ్డ సీటు బెల్టులు బయటికి తీసి, గట్టిగా లాగితే పడుతున్నాయో లేదో చూడండి. హై సెక్యూరిటీ ప్లేట్ రెండు వైపులా ఉండాలి. దసరా పూజనాటి పసుపు కుంకుమ మరకలు ప్లేటు మీద, లైటు మీద ఎండిపోయి ఉంటాయి, కడిగేయండి. నిమ్మకాయలు, మిరపకాయలు కట్టుకోవాలంటే కట్టుకోండి, నంబర్‌కు అడ్డం రాకుండా.

పొల్యూషన్‌ను చివరికి పెట్టమన్నది రెండు కారణాలకు. ఇంజిన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ మార్చాకే రీడింగ్ బాగుంటుంది. పైగా బీఎస్4 (భారత్ స్టేజ్ 4 అనే కాలుష్య ప్రమాణం) కంటే పాత బండికి సర్టిఫికెట్ ఆరు నెలలే. బీఎస్4 అయితే ఏడాది. 2010 తర్వాత ఏ బండి ఏదో నంబర్ చూసి చెప్పలేం. 2010లో హైదరాబాద్ లాంటి పెద్ద నగరాలకు బీఎస్4, మిగతా ఊళ్లకు బీఎస్3 పెట్టారు. దేశమంతటికీ బీఎస్4 వచ్చింది 2017లో. ఆర్‌సీలోనో బానెట్ కింది స్టిక్కర్ మీదో చూసుకోండి. పెట్రోల్ బండి ఐడిలింగ్‌లో బీఎస్4కు కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్ 200 పీపీఎం దాటొద్దు. బీఎస్2, బీఎస్3కు 0.5 శాతం, 750 పీపీఎం.

కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువైతే పెట్రోల్ ఎక్కువ తాగుతోంది: మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, పోయిన ఆక్సిజన్ సెన్సార్. హైడ్రోకార్బన్ ఎక్కువైతే పెట్రోల్ కాలకుండానే బయటికి పోతోంది: స్పార్క్ ప్లగ్గు, కాయిల్, లేదా ఎప్పటిదో పాత ఆయిల్. భూపాలపల్లి, గోదావరిఖని దిక్కు బొగ్గు లారీల వెనక తిరిగే బండ్లకు ఎయిర్ ఫిల్టర్ కంపెనీ చెప్పిన కిలోమీటర్ల దాకా ఆగదు, సగంలోనే చూడాలి. బండిని చల్లగా తీసుకుపోయి ఫెయిల్ అయ్యేవాళ్లే ఎక్కువ. పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ వేడెక్కితేనే పనిచేస్తుంది. 20 నిమిషాలు నడిపి, ఇంజిన్ ఆపకుండా నేరుగా పరీక్షకు పెట్టండి. వరుస ఉంటే ఆగి మళ్లీ ఒక చుట్టు తిరిగి రండి.

డీజిల్‌కు పొగ సాంద్రత చూస్తారు, పాత బండ్లకు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, బీఎస్4కు 50. ఊళ్లోనే తిరిగే డీజిల్ కారు సైలెన్సర్ నిండా మసి ఉంటుంది. పరీక్షకు ముందు ములుగు రోడ్డు మీదో కరీంనగర్ రోడ్డు మీదో మూడో గేరులో 3000 ఆర్‌పీఎం దగ్గర పది కిలోమీటర్లు నడిపితే చాలావరకు ఊడిపోతుంది. ఈ పరీక్షలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి వదులుతారు. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయి, అది ఎప్పుడు మార్చారో తెలియకపోతే ముందు బెల్టు మార్పించండి. అక్కడ తెగితే వాల్వులు వంగి సర్టిఫికెట్ కంటే వంద రెట్లు ఖర్చు.

పసుపు బోర్డు బండ్లకు లెక్క వేరు. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఫిట్‌నెస్. వాటికి రిఫ్లెక్టర్ టేపు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, నిప్పు ఆర్పే సిలిండర్ గడువు కూడా చూసుకోవాలి. మిగతా పని అంతా ఇదే.

ముందు రోజు బండి పైపైన కడిగించండి, ఇంజిన్ మీద మాత్రం ప్రెషర్ నీళ్లు కొట్టనివ్వొద్దు. సెన్సార్ ప్లగ్గుల్లో, హారన్‌లో నీరు చేరి తెల్లారి మొరాయిస్తుంది. డ్యాష్‌బోర్డులో ఇంజిన్ లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరిపోతున్నాయా చూడండి. డిక్కీలో ఒక డబ్బా పెట్టుకోండి: హెచ్4 బల్బు ఒకటి, 21 వాట్లవి రెండు, రెండు ఫిలమెంట్ల 5/21 ఒకటి, 5 వాట్లవి రెండు, 10, 15 ఆంపియర్ ఫ్యూజులు, స్టార్ స్క్రూడ్రైవర్, 10 నంబర్ పానా, తడి గుడ్డ. ఇంటి దగ్గర వెలిగిన బల్బు గుంతల రోడ్డు మీద ఆఫీసుకు చేరేసరికి పోవడం మామూలే. లైన్లో నిలబడ్డాక ఇంకొకర్ని వెనక నిలబెట్టి అన్ని లైట్లూ ఒకసారి వేసి చూసుకోండి. చాసిస్ నంబర్ మీది గ్రీజు తుడిచి, సీటు కింద నంబర్ ఉన్న బండి అయితే సీటు వెనక్కి జరిపి ఉంచండి.

వెనక్కి పంపితే వాదన పెట్టుకోకుండా, ఏ లోపం అన్నారో రాయించుకోండి. "బ్రేకు బాగలేదు" అనే మాటతో మెకానిక్ మొత్తం విప్పుతాడు. "వెనక ఎడమ పట్టట్లేదు" అని రాసి ఉంటే ఒక వీల్ సిలిండర్‌తో పోతుంది. పాసైతే కొత్త ఆర్‌సీ వచ్చిన రోజే పాత సెల్లో టేపు కాగితం బయటికి తీసి, ఆ 17 అక్షరాలూ మళ్లీ సరిచూడండి. ఐదేళ్ల తేదీ, ఇంధనం, రంగు కూడా. తప్పు ఉంటే ఆ వారంలోనే దిద్దించుకోండి.